పిల్లల మనోవ్యాధులు – వైద్యసహాయము పొందు మార్గము

పత్తిచేనిలో నాలుగు ఆకులు ముడుచుకొనిన మఱునాడే రైతు గట్టుమీద నిలిచి విచారించును. ఇరుగుపొరుగు వారిని అడుగును. మందుల అంగడికి పోవును. అదే రైతు ఇంటిలో పండ్రెండేండ్ల పిల్లవాడు మూడు నెలలుగా ఎవరితోను మాటలాడక మూల కూర్చుండిన యెడల, “వయసు వచ్చుచున్నది, వాడే సర్దుకొనును” అని ఊరకుండును. బిడ్డపై ప్రేమ లేక కాదు. పైరు తెగులునకు పేరు తెలియును, మందు తెలియును, అడుగవలసిన చోటు తెలియును. బిడ్డ మనసునకు వచ్చు తెగులు విషయమున ఈ మూడును తెలియవు.

పేరును, మందును వైద్యుడు చెప్పవలసినవి. అడుగవలసిన చోటు మాత్రము ప్రతి సభ్యునకును ముందే తెలిసియుండవలెను. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల పల్లెలనుండి ఆ చోటికి ఎట్లు చేరవలెనో, చేరిన పిమ్మట చికిత్సను నడుమ విడువక ఎట్లు సాగింపవలెనో ఈ నెల మన సభ్యులకు వివరింపదలచితిమి.

ఎంతమందికి వచ్చును

బెంగళూరులో నిమ్హాన్స్ అను పేర ప్రసిద్ధమైన జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ కలదు. ఆ సంస్థవారు 2015-16 లో దేశమందలి 12 రాష్ట్రములలో ఇల్లిల్లు విచారించి, 13 మొదలు 17 ఏండ్ల వయసు పిల్లలలో నూటికి 7.3 మందికి ఏదో యొక మనోవ్యాధి కలదని తేల్చిరి. మన రాష్ట్రము ఆ పండ్రెండింటిలో చేరలేదు. ఐనను ఆ లెక్కనే మనకు అన్వయించి చూచినచో, మూడు వందల మంది పిల్లలు చదువు ఉన్నత పాఠశాలలో ఇరువది మందికి పైగా ఇట్టి బాధ కలవారుందురు. ఆ విచారణలోనే మఱియొక సంగతియు వెల్లడియైనది. వ్యాధిని బట్టి నూటికి 70 మొదలు 92 మంది వఱకు చికిత్స లేకయే కాలము గడుపుచున్నారు. పెద్దవారి మనోవ్యాధులలో సగము పదునాలుగేండ్ల లోపుననే మొదలగునని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. కావున బాల్యమున చేయు వైద్యము ఒక జీవితకాలపు నష్టమును తప్పింపగలదు.

ఎట్లు గుర్తింపవలెను

చిన్నపిల్లల సంగతి మొదట చెప్పుదుము. ఏడాది నిండినను పేరు పెట్టి పిలిచిన తిరిగి చూడకుండుట, ఏడాదిన్నర దాటినను అత్త, తాత వంటి ఒక్క మాటయైన రాకుండుట, వచ్చిన మాటలు మరల పోవుట, తల్లి ముఖము చూచి నవ్వకుండుట, తోటి పిల్లలతో కలియక ఒకే వస్తువును గంటలకొలది త్రిప్పుచుండుట — ఇవి అంగన్వాడి వయసులోనే వైద్యునకు చూపదగిన గుర్తులు. ఇట్టి బిడ్డకు మొదట చెవులు వినబడుచున్నవో లేవో పరీక్ష చేయింపవలెను. “వాని తండ్రికిని మాటలు ఆలస్యముగనే వచ్చినవి” అని రెండేండ్లు కాచుకొనుట మంచిది కాదు. మాట నేర్పు శిక్షణ ఎంత ముందు మొదలిడిన అంత మేలు చేయును.

ఇక బడి వయసు పిల్లలు. చేనిపనిలోను, సంతబేరములోను చురుకుగా నుండి అక్షరములు మాత్రము తారుమారు చేయు పిల్లవాడు సోమరి కాకపోవచ్చును. బుద్ధి సరిగానే యుండి, చదువుట వ్రాయుటలకు మాత్రము సంబంధించిన లోపము వానికి ఉండవచ్చును. క్షణమైన కుదురుగా కూర్చుండలేక ఇంటను బడిలోను ప్రతిదినము దెబ్బలు తినువాడును అట్లే పరీక్షింపదగినవాడు. ప్రతి ఉదయము బడివేళకు కడుపునొప్పి యనుచు సెలవునాడు హాయిగా తిరుగు పిల్లను, పక్క తడుపుట మానిన పిమ్మట మరల మొదలుపెట్టిన పిల్లను కొట్టుటకు ముందు కారణము విచారింపవలెను. ఎవరో హింసించుచుండవచ్చును, నోట చెప్పుకొనరాని అన్యాయమైనను జరిగియుండవచ్చును.

యౌవనము వచ్చు పిల్లలలో నిద్ర పట్టకుండుట, తిండి తగ్గుట, స్నానము, దుస్తుల శ్రద్ధ విడిచిపెట్టుట, ఊరక ఏడ్చుట, అంతులేని కోపము, గుట్కా, సారాయములకు దిగుట, ఎవరో తన్ను గూర్చి గుసగుసలాడుచున్నారనుట, ఇతరులకు వినబడని మాటలు తనకు వినబడుచున్నవనుట — ఇవి గుర్తులు.

ప్రతి అలుకయు, ప్రతి అల్లరియు వ్యాధి కాదు. తల్లిదండ్రులు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ మార్పు వచ్చి రెండు వారములు దాటినదా? తిండి, నిద్ర, చదువు, ఆట, స్నేహము — వీనిలో రెండు మూడైనను చెడినవా? మునుపటి బిడ్డకును ఇప్పటి బిడ్డకును స్పష్టమైన భేదము కనబడుచున్నదా? మూడింటికిని ఔనని జవాబు వచ్చినచో ఇక కాచుకొనరాదు.

మూర్ఛ మనోవ్యాధి కాదు. అది మెదడునకు సంబంధించిన వ్యాధి. ఐనను మన పల్లెలలో దానిని గూడ గాలి, దయ్యములకు అంటగట్టుట చేత ఇచ్చటనే చెప్పుచున్నాము. మూర్ఛ వచ్చిన బిడ్డ చేతిలో తాళపుచెవులు పెట్టనక్కఱలేదు, నోటిలో ఏమియు పెట్టరాదు, నీరు పోయరాదు. ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, గట్టి వస్తువులను దూరము చేయవలెను. ఐదు నిమిషములకు మించినచో 108 బండిని పిలువవలెను.

కారణములు, అపోహలు

ఈ వ్యాధులకు కారణము ఒక్కటి కాదు. వంశమున ఉండవచ్చును, కాన్పు కష్టమై బిడ్డకు ఊపిరి ఆలస్యముగా వచ్చియుండవచ్చును, తలకు దెబ్బ తగిలియుండవచ్చును. మన ప్రాంతమున వీనికి తోడు మఱికొన్ని కలవు: బడి మాన్పించి పత్తివిత్తనపు చేలలో పనికి పంపుట, పదునెనిమిది నిండని పిల్లకు పెండ్లి చేయుట, త్రాగి వచ్చి తల్లిని కొట్టు తండ్రిని దినదినము చూచుట, అప్పులవారు గడపయందు నిలిచి పలుకు మాటలు వినుట. పెద్దలు పడు కష్టము పిల్లలకు తెలియదనుకొనుట పొరపాటు. వారికి తెలియును, చెప్పుటకు మాటలు రావు.

పెండ్లి చేసిన కుదురునని కొందఱు తలంతురు. ఇది రెండు ప్రాణములకు చేయు అపకారము. కుదురుటకు మాఱుగా వ్యాధి ముదురును. పెండ్లియాడిన వారును బాధపడుదురు.

మ్రొక్కు మానుడని మేము చెప్పము. ఉరుకుంద ఈరన్న సన్నిధికి పోవువారు పోవచ్చును; మంత్రాలయము పోవువారు, దర్గాలో ప్రార్థించువారు అట్లే చేయవచ్చును. దేవుని దర్శనము ఆసుపత్రి దారికి అడ్డము రాదు. కాని కాల్చి వాతలు పెట్టుట, వేపమండలతో కొట్టుట, పస్తులుంచుట, గొలుసులతో కట్టుట కూడదు. తమిళనాడులోని ఏర్వాడి యందు 2001 ఆగస్టు 6వ తేదీన రోగుల నుంచిన పాకకు నిప్పంటుకొనగా గొలుసులతో కట్టబడిన 28 మంది తప్పించుకొనలేక మరణించిరి. 2017లో దేశమున మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చేయబడి మఱుసటి యేడు అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము రోగిని గొలుసులతో బంధించుట నిషిద్ధము.

బళ్ళారి చూపిన దారి

మనోవ్యాధి వైద్యమనగా దూరనగరమున ఎత్తైన గోడల ఆసుపత్రి యని మన పెద్దలలో ఒక భయము కలదు. ఆ భయము నేటికి తగినది కాదు. దానిని తొలగించిన ప్రయోగము మన పొరుగుననే జరిగినదని అనేకులెఱుగరు.

ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1 వఱకు బళ్ళారి జిల్లాలోనివే. ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు అవి కర్నూలు జిల్లాలో చేరినవి. ఆ బళ్ళారి జిల్లాలోనే 1985 మొదలు 1990 వఱకు నిమ్హాన్స్ వారొక పని చేసి చూపిరి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలోని సామాన్య డాక్టర్లకు మనోవ్యాధులను గుర్తించి మందు ఇచ్చు విధము నేర్పిరి. పల్లెలు తిరుగు ఆరోగ్య కార్యకర్తలకు ఆ గుర్తులు చెప్పిరి. కావలసిన కొద్ది మందులను కేంద్రములలోనే ఉంచిరి. చేతగాని కేసులు మాత్రము జిల్లా ఆసుపత్రికి వచ్చునట్లు ఏర్పాటు చేసిరి. సామాన్య రోగులకు ఇంటిదగ్గఱనే వైద్యము చేయవచ్చునని తేలినది. ఆ మాదిరినే గైకొని 1996లో కేంద్ర ప్రభుత్వము జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమును నాలుగు జిల్లాలలో మొదలిడి, క్రమముగా దేశమంతట విస్తరింపజేసినది.

ఒకప్పుడు మన తాలూకాలు చేరియున్న జిల్లాలో పుట్టిన పద్ధతి దేశమునకు మార్గమైనది. దానిని వాడుకొనుటలో మనము వెనుకబడుట తగదు.

ఏ మెట్టున ఏమి లభించును

మొదటి మెట్టు పల్లెలోనే కలదు. ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎమ్., అంగన్వాడి కార్యకర్త — ఈ మువ్వురిలో ఎవరికి చెప్పినను చాలును. పిల్లల ఆరోగ్యపరీక్షకై 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము అను పథకము ఏర్పడినది. పుట్టినది మొదలు పదునెనిమిదేండ్ల వఱకు గల పిల్లలను వైద్యబృందములు అంగన్వాడికి ఏటికి రెండు మార్లు, సర్కారు బడికి ఏటికి ఒక మారు వచ్చి పరీక్షింపవలెనని దాని నియమము. పుట్టుకతో వచ్చిన లోపములతో పాటు ఎదుగుదలలోని ఆలస్యమును గూడ వారు చూడవలెను. ఆ దినమున బిడ్డను పనికి పంపక బడికి పంపుట తల్లిదండ్రుల విధి. బృందము వచ్చు తేదీని హెడ్మాస్టరుగారిని ముందుగా అడిగి తెలిసికొనవలెను.

రెండవ మెట్టు మండలము. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరుకు బిడ్డను చూపి, పై ఆసుపత్రికి చీటి కావలసినచో వ్రాయించుకొనవలెను. మాటలు, నడక, బుద్ధి వికాసములలో వెనుకబడిన పిల్లలకై విద్యాశాఖవారి భవిత కేంద్రములు మండలములలో కలవు. అందు ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు పనిచేయుదురు. మండల విద్యాధికారి కార్యాలయమున విచారించినచో చోటు తెలియును. పది మొదలు పందొమ్మిదేండ్ల వారికై 2014లో రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమము ఏర్పడినది. దాని క్రింద నడచు కిశోరుల క్లినిక్కులలో మనసునకు సంబంధించిన సలహాయు ఇచ్చుట విధి.

మూడవ మెట్టు ఆదోని, ఎమ్మిగనూరు పట్టణములలోని ప్రభుత్వాసుపత్రులు. అందు పిల్లల డాక్టరుకు చూపి, “జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమపు డాక్టరు ఇచ్చటికి ఏ దినమున వచ్చును?” అని చీటీలిచ్చు చోటనే అడుగవలెను. అడుగనిదే చెప్పువారు అరుదు.

నాలుగవ మెట్టు కర్నూలు సర్వజన వైద్యశాల. వైద్య కళాశాలకు అనుబంధమైన ఈ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగము కలదు. ఎమ్మిగనూరు నుండి వేకువ బస్సెక్కినచో ఉదయపు వేళకు చేరవచ్చును. ఆదోని నుండి దూరము సుమారు నూఱు కిలోమీటర్లగుటచే ముందునాడే బయలుదేరుట మేలు. మిక్కిలి చిక్కు కేసులకు బెంగళూరు నిమ్హాన్స్‌లో పిల్లలకు, కిశోరులకు ప్రత్యేక విభాగము కలదు. కాని మొదటనే అప్పు చేసి అంతదూరము పరుగెత్తనక్కఱలేదు. క్రింది మెట్లు ఎక్కి, అవసరమైనపుడు చీటితో పోవుట క్రమము.

ఐదవది మెట్టు కాదు, ఎచ్చటినుండియైన తెఱచికొనగల ద్వారము. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము టెలి మానస్ అను టెలిఫోను సహాయమును ప్రారంభించినది. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో రాత్రింబగళ్ళు తెలుగులో మాటలాడువారు లభింతురు. ఖర్చు లేదు. పిల్లలు తామే చేయవచ్చును, తల్లిదండ్రులును చేయవచ్చును. బిడ్డను ఎవరైన కొట్టి హింసించుచున్నను, పనిలో బంధించినను, బాల్యవివాహము తలపెట్టినను 1098కి తెలుపవలెను.

ఆసుపత్రికి పోవునపుడు

పోవుటకు ముందు ఒక కాగితముపై ఈ సంగతులు వ్రాసికొనవలెను: ఎప్పటినుండి మొదలైనది, దినములో ఏ వేళ హెచ్చుగా నుండును, నిద్ర ఎంత, తిండి ఎంత, బిడ్డ కాన్పు ఎట్లు జరిగినది, మాటలు, నడక ఎప్పుడు వచ్చినవి, వంశమున ఎవరికైన ఇట్టి బాధ ఉండెనా, ఇంతవఱకు ఏ మందులు, ఏ నాటుమందులు వాడితిరి. ఉపాధ్యాయునిచే నాలుగు మాటలు వ్రాయించుకొనిన మఱింత మేలు. పాత చీటీలన్నియు, ఆధారు కార్డును తీసికొనిపోవలెను. నాటుమందు వాడిన సంగతి డాక్టరునకు దాచరాదు.

డాక్టరు కిశోరునితో కొంతసేపు ఏకాంతముగా మాటలాడదలచినచో తల్లిదండ్రులు కోపపడక బయట కూర్చుండవలెను. తల్లిదండ్రుల యెదుట చెప్పలేని మాటలు ఆ వయసున ఉండుట సహజము.

చికిత్సయనగా మాత్రలే కాదు. అనేకులకు మాటల ద్వారా చేయు చికిత్స, తల్లిదండ్రులు బిడ్డతో మెలగవలసిన తీరును నేర్చుకొనుట, బడిలో చిన్న మార్పులు — ఇవియే చాలును. మాత్రలు వ్రాసినపుడు అవి ఆనాడే గుణమీయవు. దిగులుకు ఇచ్చు మందు సాధారణముగా రెండు మొదలు నాలుగు వారములకు గాని పని చూపదు. గుణము కనబడిన వెంటనే మానుటయు తగదు. మూర్ఛ మందు హఠాత్తుగా మానినచో మూర్ఛ మునుపటికంటె తీవ్రముగా రావచ్చును. ఎప్పుడు తగ్గించవలెనో, ఎప్పుడు మానవలెనో డాక్టరే చెప్పవలెను.

పైన చెప్పిన 2017 చట్టము మఱికొన్ని హక్కులనిచ్చుచున్నది. ప్రభుత్వము నడుపు లేక ధనమిచ్చు కేంద్రములలో మానసిక వైద్యము పొందుట ప్రతివాని హక్కు. రోగి సంగతులను బయట పెట్టరాదు. పదునెనిమిదేండ్లు నిండని వారిని ఆసుపత్రిలో చేర్చుకొనినచో పెద్దల నుండి వేఱుగా ఉంచవలెను. వారి సంరక్షకుడు చికిత్సకాలమంతయు తోడుండవలెను. కావున “చేర్చుకొనినచో బిడ్డను మాకు చూపరు” అని తల్లులు భయపడనక్కఱలేదు.

2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టమునందు బుద్ధిమాంద్యము, ఆటిజము, చదువునకు సంబంధించిన ప్రత్యేక లోపము, దీర్ఘకాలిక మనోవ్యాధి గూడ చేర్చబడినవి. లోపము నూటికి 40 వంతులు గాని అంతకు మించి గాని యున్నదని వైద్యులు ధ్రువీకరణపత్రము నిచ్చినచో సర్కారు సహాయములకు అర్హత కలుగును. కొందఱు తల్లిదండ్రులు పిల్లకు పెండ్లి కాదేమోయని ఈ పత్రము తీసికొనుటకు వెనుకాడుదురు. ఆ సంకోచముచే బిడ్డకు రావలసినది పోవుచున్నది.

సుగ్గికి పోవు కుటుంబములకు

మన ప్రాంతమున చికిత్స తెగిపోవు చోటు ఇదియే. వాన చాలక పంట పోయిన యేట కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు, ఆస్పరి పల్లెలనుండి కుటుంబములు తట్టాబుట్టతో గుంటూరు మిరపచేలకును, తెలంగాణమునకును సుగ్గికి బయలుదేరును. తిరిగి వచ్చుసరికి ఉగాది దాటును. బడి పోవును, బడితో పాటు మందును పోవును. ఆరు నెలల శ్రమచే తేఱుకొనిన బిడ్డ, గుడిసెలో రెండు నెలలు మందు లేక మరల మొదటికి వచ్చును. అప్పుడు తల్లిదండ్రులు “ఆసుపత్రి మందు పనిచేయలేదు” అని నిశ్చయించుకొందురు. తప్పు మందుది కాదు, నడుమ తెగుటది.

దీనికి నాలుగు ఉపాయములు కలవు. మొదటిది, బయలుదేరుటకు రెండు వారములు ముందే డాక్టరునకు “ఇన్ని నెలలు ఊరిలో ఉండము” అని చెప్పి, ఈయదగినంత కాలమునకు మందులు వ్రాయించుకొనుట. రెండవది, చీటీలన్నియు ఒక పుస్తకమున అంటించి, మందుల పేర్లు స్పష్టముగా వ్రాయించి వెంట తీసికొనిపోవుట. గుంటూరు సర్వజన వైద్యశాలలోను మానసిక వైద్య విభాగము కలదు; ఆ పుస్తకము చూపినచో అచ్చటి డాక్టరు అదే చికిత్స సాగింపగలడు. మూడవది, వీలైనచో బిడ్డను వెంట తీసికొనిపోక, వలస కుటుంబముల పిల్లలకై సమగ్ర శిక్ష క్రింద తెఱచు ఋతుకాల వసతిగృహమున గాని, అవ్వ తాతల దగ్గఱ గాని ఉంచి, మందు వేయు బాధ్యతను ఒకరికి స్పష్టముగా అప్పగించుట. బిడ్డ మనసు మిక్కిలి క్రుంగియున్నచో ఒంటరిగా విడిచిపోరాదు. తల్లిదండ్రులలో ఒక్కరైనను ఆగుట మేలు. నాలుగవది, సందేహము వచ్చినపుడు ఎచ్చట నున్నను 14416కు ఫోను చేయుట.

ప్రాణాపాయ సూచనలు

బిడ్డ “నేను లేకున్న మీకు సుఖము” అనినను, తనకిష్టమైన వస్తువులు పంచిపెట్టినను, చావును గూర్చి మాటిమాటికి మాటలాడినను దానిని బెదిరింపుగా కొట్టివేయరాదు. “చనిపోవలెనని నీకు తోచుచున్నదా?” అని ప్రక్కన కూర్చుండి నెమ్మదిగా అడుగవలెను. అడిగినంత మాత్రమున ఆ తలంపు క్రొత్తగా పుట్టదు. అడిగినందువలన బిడ్డ బరువు దిగును. అట్టి బిడ్డను ఒంటరిగా విడువరాదు. ఆనాడే 14416కు ఫోను చేసి, వైద్యునకు చూపవలెను.

రైతు ఇండ్లకు ప్రత్యేకముగా చెప్పవలసినది పురుగుమందుల సంగతి. శ్రీలంకలో తీవ్రవిషములగు పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించిన పిమ్మట ఆ దేశపు ఆత్మహత్యలు ఎంతో తగ్గినవి. చేతికందు దూరమున విషము లేనపుడు ఆవేశపు ఘడియ గడచిపోవును. గడచిన పిమ్మట అనేకులు బ్రతుకనే కోరుదురు. కావున పిచికారికి కావలసినంత మాత్రమే కొనవలెను. మిగిలినది ఇంట దాచరాదు. పొరపాటున గాని, వేఱు విధమున గాని బిడ్డ విషము మ్రింగినచో ఇంటివైద్యము చేయుచు కాలము పోగొట్టక, వెంటనే 108 బండిలో, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి చేర్పవలెను. పోలీసు కేసగునను భయముతో దాచరాదు. ఆత్మహత్యాయత్నము చేసినవానిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నున్నవానిగనే భావించి, శిక్షింపక, సంరక్షణ ఈయవలెనని 2017 చట్టము చెప్పుచున్నది.

పరీక్షాఫలితములు వచ్చు దినములలో మిక్కిలి జాగరూకతతో నుండవలెను. 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియటు ఫలితముల పిమ్మట ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు విడిచిరి. ఆ ఫలితములలో తప్పులు దొర్లినవని తరువాత బయటపడినది. తప్పిన పరీక్షను ఆ యేటనే మరల వ్రాయవచ్చును. ఫలితమునాడు తండ్రి పలుకవలసిన మొదటి మాట “ఎన్ని మార్కులు?” అని కాక “అన్నము తిందము రా” అని కావలెను.

సంఘముల కర్తవ్యము

అప్పు, విత్తనము, ఎరువు సంఘపు పనులు గాని పిల్లల మనసులు సంఘపు పని కాదని కొందఱు సభ్యులనవచ్చును. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు చేనేత పనివారల సహకార సంఘమును స్థాపించినపుడు, ఒక్కొక్కడు ఒంటరిగా మోయలేని బరువును పదిమంది కలిసి మోయవచ్చునను సూత్రమే దానికి ఆధారము. మనోవ్యాధి గల బిడ్డ ఉన్న ఇల్లు ఊరిలో మిక్కిలి ఒంటరి ఇల్లు. సిగ్గుచేత వారు చెప్పరు. భయముచేత పొరుగువారు అడుగరు.

ప్రతి సంఘము చేయదగిన పనులు నాలుగు కలవు. వీనిలో దేనికిని పెద్ద పెట్టుబడి అక్కఱలేదు. కార్యాలయపు గోడపై 14416, 1098, 108 సంఖ్యలను పెద్ద అక్షరములతో వ్రాయింపవచ్చును. సర్వసభ్య సమావేశమునకు ఏటికొకమారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరును పిలిచి పావుగంట మాటలాడింపవచ్చును. ఒకే దినమున కర్నూలు ఆసుపత్రికి పోవలసిన నాలుగైదు కుటుంబములు కలిసి ఒక బండి కట్టుకొనునట్లు ఏర్పాటు చేసి, బండి ఖర్చు తగ్గింపవచ్చును. సుగ్గికాలమునకు ముందు, మందులు వాడు పిల్లలు గల ఇండ్లకు ఆశా కార్యకర్త మఱవక పోవునట్లు చూడవచ్చును. ఇండ్ల పేర్లు మాత్రము సంఘపు పుస్తకములకు ఎక్కరాదు. ఆ గుట్టు ఆశా కార్యకర్త దగ్గఱనే ఉండవలెను.

సభ్యులకు తుదిగా మా విన్నపము ఇది. “పిచ్చి” యను మాటను పిల్లల యెడ వాడుట మానుడు. ఆ యొక్క మాట జడిసి ఎందఱో తల్లులు ఆసుపత్రి మెట్లెక్కుట లేదు. మీ ఇంటగాని, పొరుగింటగాని రెండు వారములు దాటి వాడిన ముఖముతో తిరుగు బిడ్డ ఉన్నచో, ఈ వ్యాసమును ప్రక్కన పెట్టి, మొదట ఆ బిడ్డ దగ్గఱ కూర్చుండి మాటలాడుడు; రేపు ఉదయము ఆశా కార్యకర్త ఇంటికి పొండు.